కాల్ బుక్కులో సంతకం

ఆ శనివారం పొద్దున్న రాజశ్రీ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పదకొండింటికి వీడియో మీటింగు. అందులో ముగ్గురు రైలింజను డ్రైవర్లను చూపించాలి. చూపిస్తే ఉద్యోగం పర్మనెంటు. చూపించకపోతే మూడు నెలల ట్రయలూ ఉద్యోగమూ కలిసి ఇవాళ్టితో సరి.

ఆమె హైదరాబాదు కంపెనీ ఒకదానికి టాలెంట్ సోర్సరు. రైల్వే తెలుగువాళ్ళు స్థిరపడిన బిలాస్‌పూర్ రాజ్‌కిశోర్ నగర్లో సొంతింటి ముందు గదిలో కూర్చుని, ఏ పనికి ఏ మనిషి సరిపోతాడో వెతికి, ఫోన్లు చేసి, బతిమాలి, అడిగిన కంపెనీ ముందు నిలబెట్టడం ఆమె పని. రైల్వే పరీక్ష నాలుగుసార్లు రాసి, నాలుగుసార్లూ తప్పాక దొరికిన మొదటి ఉద్యోగం. కానీ తాత సన్యాసిరావు దీన్ని ఉద్యోగమని ఒప్పుకుంటేగా! ఆయన ముప్ఫై నాలుగేళ్ళు రైల్వేలో కాల్‌మేన్. డ్యూటీకి రెండు గంటల ముందు సైకిలు మీద డ్రైవరు క్వార్టరుకు వెళ్ళి, తలుపు కొట్టి, కాల్ బుక్కులో సంతకం పెట్టించుకు వచ్చేవాడు. సంతకం పడిందా, ఇక ఒళ్ళు కాలిపోతున్నా ఆ డ్రైవరు రావలసిందే.

"గడప దాటకుండా సేసేది డూటీ ఏటే అమ్మీ?" అంటాడు రోజూ.

ఎనిమిదిన్నరకే రాజశ్రీ ముఖం వాడిపోయింది. "పక్కా దీదీ, పక్కా" అని మూడుసార్లు మాటిచ్చిన తఖత్‌పూర్ సందీప్ ఫోను స్విచ్చాఫ్. రెండోవాడు ఎత్తి కట్ చేశాడు. మూడోవాడు నిన్ననే ఇంకెక్కడో చేరిపోయాడట, వాళ్ళావిడ చెప్పింది.

"నౌకరీ గయీ తాతా," అంది రాజశ్రీ. ఏడుపొక్కటే తక్కువ.

"ఎందరు కావాలేటి?"

"ముగ్గురు డ్రైవర్లు. పదకొండింటికి."

"సంతకాలు ఎట్టించావా?"

"అరే తాతా, ఇది రైల్వే కాదు!"

"అచ్ఛా. అందుకే ఎవుడూ రాలేదు," అని ఆయన లేచాడు.

మనవరాలు మళ్ళీ ఫోనులో పడిపోయింది. పెద్దాయన ఒక పాత నోటుబుక్కుకి గళ్ళు గీసి, సైకిలు తీశాడు. రిటైరైన డ్రైవర్లు ముగ్గురు ఆ చుట్టుపక్కలే ఉన్నారు. ముగ్గురి చేతా సంతకాలు పెట్టించాడు. డ్రైవరన్నాక అసిస్టెంటు లేకుండా ఎలా? ముగ్గురు అసిస్టెంట్లు. బండన్నాక గార్డు ఉండాలి కదా? ముగ్గురు గార్డులు. ఎవడైనా ఎగ్గొడితే? లింగియాడీహ్ దాకా తొక్కి ఇద్దరు స్పేర్లు. ఎందుకు, ఏమిటని ఒక్కడూ అడగలేదు. సన్యాసిరావు బుక్కు చాపితే సంతకం పెట్టడం వాళ్ళ చేతులకు అలవాటు, అంతే.

పదకొండింటికి రాజశ్రీ కంప్యూటరు తెర మీద ఇద్దరు ప్రత్యక్షమయ్యారు. ఒకరు ఆమె మేనేజరు ప్రత్యూష. ఇంకొకరు చంద్రమౌళి, ఓ ప్రైవేటు కరెంటు ప్లాంటులో బొగ్గు బళ్ళ ఇంజన్లు చూసుకునే పెద్ద ఆఫీసరు; డ్రైవర్లు కావలసింది ఆయనకే.

"సార్, ముగ్గురూ ఈ ఉదయమే..." అని రాజశ్రీ నసుగుతూ మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పటికి గేటు దగ్గర పదకొండు మంది ముసలివాళ్ళు, ఇస్త్రీ చొక్కాలతో, ఇనప పెట్టెలతో, టిఫిన్ క్యారియర్లతో, చెప్పులు విడిచి, కిక్కురుమనకుండా నిలబడి ఉన్నారు. ఎదురింటి అప్పయమ్మ మేడ మీంచి చూసింది. రైల్వే ముసలాళ్ళు ఇందరు ఇలా మౌనంగా ఒక వాకిట్లో చేరారంటే ఆవిడ ఎరిగినంతలో కారణం ఒక్కటే.

"ఓ సన్నాసన్నో! ఎల్లిపోనావా అన్నో!" అంటూ పరుగెత్తుకొచ్చి, రాజశ్రీని కావలించుకుని బావురుమంది.

"అయ్యో, తాతగారు పోయారా? ఇలాంటప్పుడు మీటింగేమిటమ్మా!" అంది ప్రత్యూష. చంద్రమౌళి కళ్ళజోడు తీసేసి లేచి నిలబడ్డాడు.

రాజశ్రీ ఏదో అనబోయింది గానీ మాట అప్పయమ్మ భుజంలోనే ఇంకిపోయింది. ఏడుపు విని బయటివాళ్ళంతా లోపలికి వచ్చేశారు.

"ఇదేటి సోద్దెం!" అన్నాడు డ్రైవరు సుబ్బరామయ్య. "రెండు గంటల కిందటే నా సంతకం అట్టికెళ్ళాడు. సైను సేయించి, బండేదో సెప్పకుండా పోడమేటి?"

"ఎవుడు పోయేడ్రా?" అని గుమ్మంలోంచి వినబడింది. సన్యాసిరావు. చైను ఊడిన సైకిలు నడిపించుకుంటూ వచ్చేసరికి ఆలస్యమైంది. అప్పయమ్మ కెవ్వుమంది. ఆయన ఆవిడను పట్టించుకోకుండా బుక్కు తెరిచాడు.

"పదకొండు గంటల డూటీ. పదకొండు మందీ హాజరు. సూసుకో అమ్మీ."

సంగతి బోధపడగానే రాజశ్రీ ఆ రిటైరైన డ్రైవర్లు ముగ్గుర్నీ తెర ముందుకు నెట్టింది. తెర మీద చంద్రమౌళి కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. "అరవై దాటినవాళ్ళతో నేనేం చేసుకోనమ్మా?"

ఇక పోయేదేముంది అనుకుంది రాజశ్రీ. "సార్, మీ ప్లాంటులో ఐటీఐ పిల్లలు ఎనిమిది మంది ఇంజను నేర్పేవాళ్ళు లేక ఖాళీగా కూర్చున్నారని మెయిల్లో మీరే రాశారు. నడిపేది వాళ్ళు. నేర్పేది వీళ్ళు. అనుభవమున్న డ్రైవర్ల కోసం ఏడాదిగా వెతుకుతున్నారు కదా, ఎంతమంది వచ్చారు?"

చంద్రమౌళి నిట్టూర్చాడు. "ఆఫర్ లెటర్లు తీసుకున్నవాళ్ళు ఇరవై రెండు మంది. చేరినవాడు ఒక్కడూ లేడు." తర్వాత సుబ్బరామయ్యకేసి తిరిగాడు. "మీరు నిజంగా వస్తారా?"

"సంతకం ఎట్టేసేనండి," అన్నాడు సుబ్బరామయ్య నొచ్చుకుని.

మధ్యాహ్నానికి ముగ్గురు డ్రైవర్లూ టీచర్లయ్యారు. మిగిలినవాళ్ళ పేర్లు కూడా చంద్రమౌళి రాసుకున్నాడు. సాయంత్రానికి ప్రత్యూష దగ్గర్నుంచి పర్మనెంటు ఉత్తరం వచ్చింది. ఇలాంటి మనుషుల్ని ఏ సాఫ్ట్‌వేరులో పట్టావని అందులో అడిగింది కూడా.

రాజశ్రీ ఉత్తరం చూపిస్తే తాత చదవలేదు. నోటుబుక్కులో పన్నెండో గడిలో ఆమె పేరు రాసి ముందుకు తోశాడు.

"నువ్వూ కాల్‌మేన్‌వే గదే. నాకే తెల్లేదు. ఎట్టు సంతకం."

రాజశ్రీ కళ్ళు తుడుచుకుని పెట్టింది. నాలుగు పరీక్షలు పాసైనా ఇంత సంతోషం ఉండేది కాదు.

మర్నాడు పొద్దున్నే ఏడింటికి, తొమ్మిది గంటల డ్యూటీకి రూలు ప్రకారం రెండు గంటల ముందు, సన్యాసిరావు మనవరాలి గది తలుపు దబదబా బాదాడు.

ఆ వేళ ఆదివారం.