దారం చుట్టిన బిట్టు

అర్జునరావు వడ్రంగి కొట్టులోకి నడుంలోతు నీళ్ళొచ్చి మిషన్లన్నీ నానిపోయిన వరద తర్వాత మూడో ఏడు జరిగింది ఇది. ఆ రాత్రితో రెండు నెలల వేట నిషేధం అయిపోతుంది. మర్నాడు తెల్లారేసరికి ఫిషింగ్ హార్బర్లో బోట్లన్నీ సముద్రం మీదికి పోవాలి. చలమయ్య బోటుకి ఒక్క పనే మిగిలింది. చేపలూ ఐసూ వేసే అడుగుగది మూతకి చుట్టూ గాడి తీసి రబ్బరు పట్టీ కూర్చోబెట్టాలి. మూత బిగుతుగా లేకపోతే ఐసు నిలవదు. ఐసు నిలవకపోతే బోటు కదలదు. గంట పని. వడ్రంగి అర్జునరావు టీ తాగి, మిషను పట్టుకుని బోటెక్కాడు.

గాడి తీసే రౌటర్ మిషనుకి నోరు ఉంటుంది. దాన్ని కొలెట్ అంటారు. అందులో చెక్కని కోసే బిట్టు కాడ దూర్చి బిగిస్తారు. అర్జునరావు కొలెట్ అరంగుళానిది. పాత బిట్టు మొండైపోతే ముందురోజు వన్ టౌన్లో కొత్తది తెచ్చాడు. పన్నెండు ఎమ్మెమ్ అంటే అరంగుళమేనని షాపువాడు ఇచ్చాడు. పన్నెండు ఎమ్మెమ్ ప్లైవుడ్‌ని ఊరంతా అరంగుళమనే అంటుంది. ముప్పై ఏళ్ళుగా అర్జునరావూ అలాగే అన్నాడు. ప్లైవుడ్ ఏనాడూ ఎదురు చెప్పలేదు.

కొలెట్ చెప్పింది. ఎంత బిగించినా బిట్టు లోపల కటకటలాడింది.

"ఏటి బావా, అలా నిలబడిపోనావ్?" అన్నాడు చలమయ్య.

"కాడ సన్నం."

"ఎంతేటి?"

"ముప్పావు ఎమ్మెమ్ ఉంటాది. ఎల్లి మార్సుకొత్తాను."

"నువ్వెల్లొచ్చీసరికి ఎండెక్కిపోద్ది! ఇలాగియ్." చలమయ్య జేబులోంచి వల దారం తీసి కాడకి వరసగా చుట్టాడు. "ఇది టన్ను సేపల్ని లాగుద్ది. నీ ఏలంత ఇనపముక్కని ఆపలేదేటి?"

బిగిస్తే బిగిసింది. చలమయ్య జెండా కట్టుకోవడానికి బోటు ముందువైపుకి పోయాడు. అర్జునరావుకి మనసొప్పలేదు. కానీ వద్దని చెప్పాలంటే నాలుగు మాటలు ఖర్చవుతాయి.

మూతని తిరగేసి గది నోటి మీదే పెట్టి మిషను వేశాడు. మొదటి మూర బాగా తెగింది. రెండో మూరకి కాలిన వాసన వచ్చింది. దారం కరుగుతోంది. బిట్టు కొంచెం కొంచెంగా జారుతూ, గాడిని లోతు చేసుకుంటూ పోయింది. మిషను ఆపేలోగా మూతని పొడిచేసి, కొలెట్‌ని వదిలేసి, గదిలో ఠంగున పడింది.

"సిల్లడిపోనాది," అన్నాడు అర్జునరావు.

ఇంకొక్క మాట చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

పక్క ఇంజిను గదిలో ఉన్న డ్రైవరు బాబీ ఆ ఠంగూ విన్నాడు, ఆ మాటా విన్నాడు. పాక్కుంటూ పైకొచ్చి కేకేశాడు. "బోటుకి సిల్లడిపోనాదిరో!"

జెట్టీ మీద కొబ్బరికాయలతో వస్తున్న చలమయ్య భార్య అప్పాయమ్మ ఉన్నచోటే కూలబడింది. "ఓలమ్మో! రెండు నెల్లు పస్తులున్నాం కదర్రా! ఇప్పుడు మునిగిపోతందేటర్రా!"

చలమయ్య చేతిలో జెండా నీళ్ళలో పడిపోయింది.

"మూతకి," అన్నాడు అర్జునరావు. అప్పటికే పక్క బోటువాళ్ళు పంపు మోసుకొచ్చేశారు. మూతని లాగి అవతల పారేశారు. బాబీ కంగారులో పీల్చే గొట్టం హార్బర్లోకి, వదిలే గొట్టం గదిలోకి వేసి పంపు ఆన్ చేశాడు.

పది నిమిషాలకి తొంగిచూస్తే మోకాల్లోతు నీళ్ళు.

"తోడతంటే పెరుగుతన్నాయేటిరా!"

"సిల్లు పెద్దదయిపోతన్నాది! జోరు పెంచు, జోరు పెంచు!"

జోరు పెంచారు. నీళ్ళు నడుం దాకా వచ్చాయి. అర్జునరావు వంగి గొట్టాలు చూశాడు. వెళ్ళి పంపు ఆపాడు.

"బాబీ. గొట్టాలు."

అందరూ గొట్టాలవైపు చూశారు. తర్వాత బాబీవైపు చూశారు. చలమయ్య చెయ్యెత్తాడు. అది దిగేలోగా జెట్టీ మీంచి అప్పాయమ్మ గొంతు వినిపించింది.

"ఓలయ్యో, అదేటి! బోటు ఉచ్చ పోత్తన్నాదేటి!"

వంగి చూశారు. బోటు పక్క చెక్కలోంచి, బయటి నీటికి జానెడు పైన, ధార కడుతోంది. లోపల పోసిన నీళ్ళే బయటికి వస్తున్నాయి. అర్జునరావు అక్కడ వేలు పెట్టి నొక్కాడు. కొత్త రంగు కింద చెక్క బురదలా ఉంది. వేలు సగం దిగిపోయింది.

ఖాళీ బోటుకి ఆ చెక్క నీటికి పైన ఉంటుంది. ఐసూ డీజిలూ ఎక్కితే కిందికి పోతుంది. సముద్రం మధ్యలో, ఆరుగురితో.

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. అర్జునరావుకి తోడు దొరికినట్టయింది.

ముందుగా తేరుకున్నవాడు చలమయ్య. "సూసేరా? నాను సుట్టిన దారం వల్లే కదేటి బయటపడ్డాది!" అని ఒక కొబ్బరికాయ కొట్టేశాడు.

నీళ్ళు తోడారు, ఈసారి బయటికే. అర్జునరావు పొద్దు వాలేదాకా కొత్త చెక్క వేసి, మూతకి మాటు వేసి, మిగిలిన గాడి ఉలితో తీశాడు.

మర్నాడు తెల్లారి బోటు మిగతా బోట్లతోపాటే వెళ్ళిపోయింది. అర్జునరావు చూడ్డానికి పోలేదు. కొలెట్ ఊడదీసి జేబులో వేసుకుని వన్ టౌన్ వెళ్ళాడు. "అరంగుళమన్నా పన్నెండన్నా ఒకటే బాబూ," అన్నాడు షాపువాడు. అర్జునరావు కొలెట్‌ని కౌంటరు మీద పెట్టి, కటకటలాడనిది దొరికేదాకా ఒక్కొక్క బిట్టే దూర్చి చూసుకున్నాడు.

ఆ షాపులో వల దారం కూడా దొరుకుతుంది. అటు చూడలేదు.