నాన్న తిరిగొచ్చే సీను

యుద్ధం గెలవకముందే దాని మీద సినిమా పూర్తి కావాలన్నది మంచి ప్రభుత్వాలన్నిటికీ తెలిసిన సత్యం. (గెలిచాక తీస్తే ఎవడు చూస్తాడు?) అందుకే, యుద్ధానికి వెళ్ళకుండా ఇంటిపట్టున ఉన్నవాళ్ళకి ధైర్యం నూరిపోసే మా ఇంటిపట్టు ధైర్య శాఖ ఒక ఉత్తర్వు జారీ చేసింది. తండ్రి యుద్ధానికి వెళ్ళగా, ఇంటి దగ్గర తల్లితో ఉంటూ ఎదిగే ఓ ఆడపిల్ల కథను సినిమాగా తీయాలి.

నిబంధనలు సులువైనవే. పిల్ల ఎదగడం ఇంటర్వెల్‌లోపు పూర్తి కావాలి. రేషన్ క్యూ కనిపించవచ్చు, దాని చివర కనిపించకూడదు. తల్లి ఏడవదలిస్తే ఉల్లిపాయలు తరుగుతూ ఏడవాలి. (ఉల్లిపాయలు రేషన్‌లో రాలేదు కనుక తల్లి ఏడవలేదు.) తండ్రి మాత్రం ఆఖర్న తిరిగి రావాల్సిందే. ఆయన రాకపోతే సర్టిఫికెట్ రాదు.

కూతురి వేషం వేసిన పద్నాలుగేళ్ల పిల్లని అందరూ టపాకాయ అంటారు. నోరు అలాంటిది. తండ్రి వేషానికి ఆమె సొంత తండ్రినే పెట్టారు, ఇద్దరికీ ఒకే భోజనం క్యారియర్‌తో సరిపోతుందని. ఆయన దర్జీ. సోడాబుడ్డి కళ్ళద్దాలు తీస్తే సూది సంగతి దేవుడెరుగు, కుట్టుమిషనే కనబడదు. సైన్యం ఆయన్ని వద్దన్నది అందుకే. సిపాయి కళ్ళద్దాలతో ఉంటే బాగోదని డైరెక్టరు అవి తీయించి పోస్టరుకి ఫొటో తీశాడు. ఆ పోస్టరు తీసుకెళ్ళి సరిగ్గా సైన్యంలో చేర్చుకునే ఆఫీసు ఎదురుగోడకే అంటించారు. మర్నాడే దర్జీకి పిలుపొచ్చింది.

"నాకు చూపు ఆనదండీ," అన్నాడు దర్జీ, కళ్ళద్దాలు తీసి.

"నేనిటున్నాను," అన్నాడు అక్కడి అధికారి. "పోస్టర్లో కళ్ళద్దాల్లేవు, కాబట్టి చూపు బాగున్నట్టే. ప్రభుత్వ పోస్టరు అబద్ధమాడుతుందా?"

ఆయన్ని రైలెక్కించేశారు. తిరిగొచ్చే సీను మిగిలిపోయింది.

టపాకాయ ధైర్యాధికారి గదిలోకి దూసుకెళ్ళింది.

"సార్, క్లైమాక్సు కోసం మా నాన్నని పిలిపించండి."

"యుద్ధంలో ఉన్నవాణ్ణి సినిమాకి పిలిస్తే ఏం బాగుంటుందమ్మా?"

"సినిమాలో ఉన్నవాణ్ణి యుద్ధానికి పిలిస్తే బాగుందా?"

అధికారి ఈ ప్రశ్నను ధైర్యం తగ్గించే ప్రశ్నల్లో చేర్చి, మంచినీళ్ళు తాగాడు.

అయినా శాఖ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. వెనకనుంచి చూస్తే ఆఫీసు ప్యూను అచ్చం దర్జీలాగే ఉంటాడని కనిపెట్టింది. ఆయనకి సిపాయి కోటు తొడిగి, గుమ్మంలో నిలబెట్టింది. ఆ కోటు నాన్న కుట్టిందే. టపాకాయ పరిగెత్తుకొచ్చి కరుచుకుపోయింది. డైరెక్టరు కట్ అన్నాడు, మళ్ళీ అన్నాడు. పిల్ల వదల్లేదు. దాన్ని విడిపించడానికి ఎవరికీ చేతులు రాలేదు.

"మావాడూ అక్కడే ఉన్నాడు తల్లీ," అన్నాడు ప్యూను. (నిబంధనల ప్రకారం ఈ మాట తీసేశారు.)

సినిమా బ్రహ్మాండంగా ఆడింది. ఆనందబాష్పాలు చాలా సహజంగా ఉన్నాయని పత్రికలు రాశాయి. శాఖ తనకు తానే సన్మానం చేసుకుంది. ఆ సభలోనే టపాకాయ మళ్ళీ ధైర్యాధికారికి అడ్డం పడింది. ఈసారి దాని నోరు పేలలేదు.

"సినిమా అయిపోయింది కదా సార్. మా నాన్నకి నిజంగానే కనబడదు. ఎదురుగా ఎవరున్నారో కూడా తెలీదు. ఇంటికి పంపించెయ్యండి సార్."

అధికారి మెడలో దండ సర్దుకుని, ఎంతో దయగా చెప్పాడు.

"మీ నాన్న ఇంటికి రావడం దేశమంతా చూసిందమ్మా. ఒకే మనిషి రెండుసార్లు తిరిగి రావడానికి రూల్సు ఒప్పుకోవు."