రాళ్ళకు కిరసనాయిలు

మనిషి నిప్పు కనిపెట్టాడు, చక్రం కనిపెట్టాడు, ఆ రెండూ ఎవరు ముందు వాడుకోవాలో తేలక వరస కనిపెట్టాడు. మొదటి రెండూ ఇతర దేశాల్లో బాగా వృద్ధి చెందాయి. మూడోదాన్ని పరిపూర్ణం చేసిన ఘనత మాత్రం విజయనగరం కోట వెనక వీధిలోని చౌక డిపోకే దక్కాలి. (ఈ మాట డిపో వారు ఒప్పుకోరు. వారు ఏ మాటా ఒప్పుకోరు.)

అది అరవై ఏడో సంవత్సరం. బియ్యం ఇబ్బంది కాస్త సర్దుకుని, అక్కణ్ణించి కిరసనాయిలు మీదికి బదిలీ అయింది. పీపాల బండి ఏ రోజు వస్తుందో డిపో నడిపే గంగులుకి తెలియదు. తెలిసినా చెప్పడం నిబంధనలకు విరుద్ధం. అందుచేత జనం రోజూ వచ్చి నిలబడాలి. రోజూ నిలబడితే ఇంటిపని ఎవరు చెయ్యాలన్న ప్రశ్నకు ఆ వీధి ఆడవాళ్ళు కనిపెట్టిన జవాబు రాయి. ఇంట్లో పనికిరాని రాయి ఒకటి తెచ్చి వరసలో పెట్టి వెళ్ళిపోతారు. బండి వచ్చిందన్న కేక వినగానే డబ్బా పట్టుకుని పరిగెత్తుకొచ్చి ఎవరి రాయి దగ్గర వారు నిలబడతారు. ఎదుటి మనిషిని మోచేత్తో పొడిచి ముందుకుపోయే పెద్దమనుషులు కూడా ఎదుటి రాయిని మాత్రం గౌరవించేవారు.

ఈ వరసలో నరసింగరావుకి ఒక పొత్రం ఉండేది. నరసింగరావు రామతీర్థం దగ్గర పల్లెలో ఒక రైతు కొడుకు. విజయనగరంలో కొత్తగా తెరిచిన వ్యాపార నిర్వహణ కళాశాలలో చేరి, పిల్లలు లేని మేనత్త లక్ష్మీనరసమ్మ ఇంట్లో ఉంటున్నాడు. యాపారం సేసీవోళ్ళు సేసుకుంటన్నారు కదా, మళ్ళీ దాన్ని నిర్వహించడమేటని తండ్రి అడిగిన ప్రశ్నకు కళాశాలలో ఇంతవరకు ఎవరూ సమాధానం చెప్పలేదు. అత్త ఏ ప్రశ్నా అడక్కుండా తిండి పెడుతోంది. ఒకటే షరతు, ఇంటికి కిరసనాయిలు తేవలసిన పూచీ మేనల్లుడిది. విరిగిన రుబ్బురోలు పొత్రం ఒకటి అతని చేతిలో పెట్టి వరసలోకి పంపింది.

కళాశాల ఒక పాత జమీందారు గుర్రాల సాలలో నడుస్తోంది. ప్రిన్సిపాలు జగన్నాధం గారు కలకత్తాలో మూడు వారాల శిక్షణ పొందివచ్చిన దగ్గర్నుంచి ఏ వస్తువునీ దాని పేరుతో పిలవడం మానేశారు. గంట కొట్టేవాణ్ణి కాల సమన్వయకుడు అంటారు. (జీతం మాత్రం గంట కొట్టేవాడిదే.) ఏడాది చివర ప్రతి విద్యార్థీ ‘ఇటీవలి నా జీవితం, పాఠాలు, ప్రేరణలు’ అనే వ్యాసం సమర్పించాలని ఆయన నియమం. సొంత జీవితం ఒక పేజీ మించరాదు. పాఠాలు పది పేజీలకు తగ్గరాదు. ప్రేరణ ఇచ్చిన వ్యక్తి బతికి ఉండాలి, ఏదో ఒక పదవిలో ఉండాలి, తానే ప్రేరణ ఇచ్చినట్టు ముద్ర వేసి సంతకం చెయ్యాలి. సొంత జీవితం దగ్గర విద్యార్థులంతా ‘లేదు’ అని రాసి తరువాతి భాగానికి వెళ్ళిపోయేవారు. క్రిందటేడు నరసింగరావూ అలాగే రాశాడు.

ఈ ఏడు అలా రాయడానికి లేకపోయింది. పొత్రం గుండ్రంగా ఉంటుంది గనక కుదురుగా నిలవదు. ఒకనాడు అది వెనకనున్న రాయి మీదికి ఒరిగింది. వెనకది సగం విరిగిన సన్నికల్లు. దాని పక్కన డబ్బాతో నిలబడ్డ అమ్మాయి నేలవైపు చూస్తూ అంది.

“మీ పొత్రం నా సన్నికల్లు మీద పడిపోతన్నాది. కాస్త జరపండి.”

నరసింగరావు జరిపాడు. మర్నాడు అది మళ్ళీ ఒరిగింది. ఆ మర్నాడు ఒరగకపోతే అతనే ఒరిగేలా పెట్టాడు. అమ్మాయి పేరు నీలవేణి. కొన్నాళ్ళకు జరపమనడం మానేసింది. బండి వచ్చినరోజు కన్నా రానిరోజే ఇద్దరికీ ఎక్కువ బాగుండేది, ఎందుకంటే అప్పుడు ఎండ ముదిరేదాకా బండి గురించి మాట్లాడుకోవచ్చు. పెళ్ళిలో పెళ్ళికూతురు చేత తొక్కించేది సన్నికల్లే కదా అని అతను రాత్రనక పగలనక సంబరపడ్డాడు. అర్థశాస్త్రం పుస్తకంలో గిరాకీ, సరఫరా అన్న అధ్యాయం అతనికి మొదటిసారి కన్నీళ్ళు తెప్పించింది.

నీలవేణి తండ్రి గణపతిరావు సరఫరా కార్యాలయంలో సూపరింటెండెంటు. అంతటివాడి కూతురు వరసలో ఎందుకు నిలబడుతుందన్న విషయమై వీధిలో రెండు అభిప్రాయాలు ఉండేవి. ఆయన నిజాయితీపరుడని ఒకటి, పై అధికారులు పట్టుకుపోయాక ఆయనదాకా ఏమీ రావడం లేదని మరొకటి. కులం, గోత్రం, నక్షత్రం ఏదీ అడ్డు రాదని లక్ష్మీనరసమ్మ ఆరా తీసింది. కాని బొబ్బిలి నుంచి ఒక సంబంధం అప్పటికే తిరుగుతోంది. ఆ అబ్బాయికి ఎత్తు ఉంది, ఇల్లు ఉంది, జాతకం ఉంది, ఉద్యోగం లేదు. పర్మినెంటు ఉద్యోగం లేనివాడికి పిల్లనివ్వనని గణపతిరావు ఖండితంగా చెప్పి పంపేశాడు. ఉద్యోగం నరసింగరావుకీ లేదు. అయితే తన బుర్ర చూశాక ఆయన పరీక్షలయ్యేదాకా ఆగుతాడని అతని ఆశ. చూపించడానికి ఒక అవకాశం కావాలి, అంతే.

ఆ అవకాశం ఒక ఎద్దు కల్పించింది. పీపాల బండి వెనక్కి తిప్పుతుంటే ఎద్దు కాలు తగిలి సన్నికల్లు వరసలోంచి పక్కకి పోయింది. దూరం నుంచి పరిగెత్తుకొచ్చిన నీలవేణికి చోటు లేదన్నారు. ఖాళీ డబ్బాతో ఆమె వెళ్ళిపోవడం నరసింగరావు చూశాడు. నిండిన తన డబ్బా ఆమెకు ఇచ్చెయ్యవచ్చని మామూలు మనిషికైతే తట్టేది. అతను నిర్వహణ చదువుతున్నాడు. ఇంటికి వెళ్ళి వ్యాసం రాయడం మొదలుపెట్టాడు.

పాఠాల భాగం యాభై పేజీలు దాటింది. వరసలో రాయికి చట్టబద్ధమైన హోదా కల్పించాలన్నాడు. ప్రతి రాయికీ నంబరు వెయ్యాలి, రంగు పుయ్యాలి, పర్యవేక్షణకు ఒక శిలా పరిశీలకుణ్ణి నియమించాలి, ఆ పదవి పర్మినెంటుగా ఉండాలి అన్నాడు. తోపులాట నివారణకు బేసి నంబర్లవారు పొద్దుట, సరి నంబర్లవారు సాయంత్రం డబ్బాలు తీసుకెళ్ళాలన్నాడు. ఇన్ని పేజీలకూ ప్రేరణ నీలవేణి. ఆమెకు పదవి గాని, ముద్ర గాని లేవు. అందుకని ప్రేరణ దగ్గర గణపతిరావు పేరు రాశాడు.

సంతకం కోసం వచ్చిన వ్యాసాన్ని గణపతిరావు రెండుసార్లు చదివి, నాలుగో సంతకం కింద అయిదో సంతకం పెట్టడానికే పుట్టాననుకున్న తనలో ఇంత ప్రేరణ ఉందా అని ఆశ్చర్యపోయి, పై అధికారులకు పంపాడు. వానలు పడేలోగా ‘శిలా ప్రాతినిధ్య నిబంధనలు’ అమల్లోకి వచ్చాయి. (ఆ కార్యాలయంలో ఏ కాగితమూ అంత వేగంగా కదల్లేదు. అందులో మనుషుల ప్రస్తావన లేకపోవడమే కారణమని తెలిసినవారు అంటారు.)

నిబంధనల ప్రకారం రాయి రెండు కిలోలకు తగ్గరాదు. వీశెల్లో తూచిన రాళ్ళు చెల్లవు. ఇసుకరాళ్ళు అరుగుతాయి గనక ఏటేటా తిరిగి తూయించుకోవాలి. యజమాని చనిపోతే రాయి వారసుడికి చెందుతుంది, రాయి పగిలిపోతే యజమాని ఆ సంగతి రుజువు చేసుకోవాలి. డబ్బాను రాయికి తీగతో కట్టి ఉంచితే గంగులే అందులో పోస్తాడు. మనిషి అక్కడ ఉండనక్కర్లేదు. తరువాత వచ్చిన సవరణ ప్రకారం ఉండకూడదు.

పద్ధతి బ్రహ్మాండంగా నడిచింది. శ్రీకాకుళం నుంచి ఇద్దరు అధికారులు చూడడానికి వచ్చి, ఇంత క్రమశిక్షణ గల ప్రజలను ఎక్కడా చూడలేదని రాళ్ళవైపు చూస్తూ మెచ్చుకున్నారు. ఒక్క తవిటమ్మ అనే ముసలామె వల్లనే చిక్కు వచ్చింది. ఆవిడ రాయి లేకుండా డబ్బాతో వచ్చి నిలబడింది. ఎవరి తరఫున వచ్చావని అడిగారు.

“నానే వచ్చినాను కదా బాబూ,” అంది.

నిబంధనలన్నీ తిరగేశారు. స్వయంగా వచ్చినవారికి వర్తించేది ఒక్కటీ లేదు. మర్నాడు ఆవిడ ఒక బండరాయి పంపింది. దానికి కిరసనాయిలు ఇచ్చారు.

పొత్రానికి పదకొండో నంబరు, సన్నికల్లుకి పన్నెండో నంబరు వచ్చాయి. రెండూ ఎర్రరంగు పూసుకుని ఒకదాన్నొకటి ఆనుకుని రోజంతా ఎండలో కూర్చునేవి. నరసింగరావు పొద్దుటే వచ్చి డబ్బా విప్పుకుని, నీలవేణి కోసం కాసేపు వీధి చివరిదాకా చూసేవాడు. తనది బేసి, ఆమెది సరి అన్న సంగతి మూడోరోజున తట్టింది. ఆ పేరా తాను ఎంత చక్కగా రాశాడో గుర్తొచ్చి డిపో అరుగు మీద కూలబడ్డాడు. సాయంత్రం వచ్చి చూడబోతే కొత్తగా కాపలా పెట్టిన బంట్రోతు నంబరడిగి వెనక్కి పంపేశాడు. ఏడుపొచ్చింది. మగపిల్లాడు వీధిలో ఏడవకూడదు గనక ఇంటికి వెళ్ళి ఏడ్చాడు.

అతని వాలకం చూసి, లక్ష్మీనరసమ్మ పళ్ళెంలో అరటిపళ్ళు పెట్టుకుని మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని గణపతిరావు ఇంటికి బయల్దేరింది. ఆయన ఎదురొచ్చి నరసింగరావు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. ఇలాంటి కుర్రాడు ఇంటికి రావడం తన అదృష్టమన్నాడు. వ్యాసంలోని వాక్యాలు చూడకుండా వల్లించాడు. వచ్చిన పని అత్త చెప్పాక కాస్త నొచ్చుకున్నాడు.

“ఒక్క నెల ముందొస్తే బాగుండును బాబూ. బొబ్బిలి కుర్రాడికి ఉద్యోగం లేదనే గదా నాను ఆగినాను. ఇప్పుడు పర్మినెంటు అయిపోనాది. శిలా పరిశీలకుడు.”

ఆ పదవి నువ్వు రాసినదేనని, నీ మేలు ఆ కుర్రాడు గాని తాను గాని మరిచిపోలేమని ఆయన మనస్ఫూర్తిగా అన్నాడు. లక్ష్మీనరసమ్మ పళ్ళెంలోని అరటిపళ్ళవైపు చూసింది. తిరిగి పట్టుకెళ్ళడం మర్యాద కాదని అక్కడే వదిలేసింది.

గుమ్మం దగ్గర నీలవేణి మంచినీళ్ళ చెంబుతో నిలబడి ఉంది. తండ్రి అత్తతో మాట్లాడుతుండగా, చెంబు అందిస్తూ మెల్లిగా అంది.

“మీరుంటారని నాలుగు రోజులు పొద్దుట పూట వచ్చినాను. నీది సాయంత్రమని వీధి మలుపులోనే తరిమీసినారు. ఆ రూలు మీరే రాసినారట కదా.”

రాసినట్టు నరసింగరావు తలూపాడు. తోపులాట తగ్గించడానికని చెప్పబోయి, మానేసి నీళ్ళు తాగాడు. తోపులాట మాత్రం నిజంగానే తగ్గింది.

కళాశాలలో అతనికి మొదటి తరగతి వచ్చింది. సొంత జీవితం భాగంలో కొట్టివేతలు ఎక్కువగా ఉన్నాయని రెండు మార్కులు తగ్గించారు.

పెళ్ళి మాఘంలో జరిగింది. ఊరేగింపు పెట్రోమాక్సు లైట్లకు కిరసనాయిలు చాలదని వారం ముందే తేలితే, నిబంధనల ప్రకారమే పదకొండో నంబరు వాటా అటు మళ్ళించాలని పెళ్ళికొడుకు ప్రతిపాదించాడు. అభ్యంతరముంటే మూడు రోజుల్లోగా తెలపాలని పొత్రానికి నోటీసు అంటించారు. గడువు ముగిసింది. పొత్రం అభ్యంతరమేమీ తెలపలేదు.