మార్కుల మెసేజీ ఎవరి ఫోనుకి?

ట్యూషన్ మాన్పించి మా అమ్మాయికి లెక్కలు తానే చెబుతానని మావారు ప్రకటించినప్పుడు నేను కూరగాయలు తరుగుతున్నాను. కత్తి ఆగింది కానీ ఆయన ఆగలేదు.

"భిన్నాలంటే నాకు మంచినీళ్ల ప్రాయం!"

పరీక్షనాటి సాయంత్రం ప్రశ్నపత్రం చూడగానే ఆ మంచినీళ్లే ఆయనకు పొలమారాయి. "ఒక ఫోన్ మాట్లాడి వస్తా" అంటూ మేడెక్కారు.

పిల్ల బడికి వచ్చిందా లేదా, మార్కులెన్ని, అన్నీ బడివాళ్లు నా ఫోనుకే మెసేజీ పెడతారు. ఆయన మేడ దిగేలోపు నాకొకటి వచ్చింది: "తండ్రిగారి కోరిక మేరకు ఇకపై సమాచారం వారి నంబరుకే పంపుతాము."

నంబరు మారిస్తే పాత నంబరుకు కబురు పెట్టడం ఆ బడి పద్ధతి. ఆ సంగతి పాపం ఆయనకు తెలియదు. నేనూ చెప్పలేదు. వినోదం ఇంట్లోనే దొరుకుతుంటే కాదనడమెందుకు?

కొన్ని రోజులు ఆగి అడిగాను. "మార్కులు ఇంకా రాలేదేమండీ?"

"బడిలో కంప్యూటరు పాడైందట."

"ఎవరు చెప్పారు?"

"వాళ్లే మెసేజీ పెట్టారుగా!" అనేసి నాలుక కరుచుకున్నారు.

"అయితే రేపు వెళ్లి ఇద్దరం కడిగేద్దాం."

"మనకెందుకులే. అసలే కంప్యూటరు పోయి బాధలో ఉన్నారు."

ఆయన అటు వెళ్లగానే అమ్మాయి నా పక్కన చేరింది.

"అమ్మా, తప్పినవాళ్లకి మళ్లీ పరీక్ష పెడతారట. రాయిస్తామని ఇంట్లోవాళ్లు రేపటిలోగా చెప్పాలి. ఆ మెసేజీ నాన్నకొచ్చింది. చెబితే నువ్వు నాన్నని తిడతావని..." అంటూ కళ్లు తుడుచుకుంది.

పిల్లని దగ్గరికి తీసుకున్నాను. ఇన్నాళ్లూ తమాషా చూస్తూ కూర్చున్నది నేనే కదా.

మర్నాడు ముగ్గురం లెక్కల టీచరు ముందు కూర్చున్నాం. ఆవిడ జవాబుపత్రం మావైపు తిప్పారు.

"మిగతా పిల్లలు తలా ఒక రకం తప్పు చేశారండీ. మీ అమ్మాయి అన్ని లెక్కల్లోనూ ఒకటే తప్పు, అదీ ముత్యాల్లాంటి దస్తూరీతో! పై అంకెల్ని పైవాటితో, కింది అంకెల్ని కిందివాటితో కలిపేసింది. ఎవరమ్మా ఇలా నేర్పింది?"

"నేనే కనిపెట్టాను టీచర్" అంది మా అమ్మాయి తల వంచుకుని.

పక్క కుర్చీ కిర్రుమంది. చూద్దును కదా, మావారు బడిపిల్లాడిలా చెయ్యెత్తి ఉన్నారు. చెవులు ఎర్రబడ్డాయి.

"నేనండీ" అన్నారు.

టీచరు నవ్వలేదు. నవ్వినా బాగుండేది. అమ్మాయి పేరు రాసుకుని, "మళ్లీ పరీక్ష అయ్యేదాకా మీరు..." అంటూ ఆగారు.

"ఆ పుస్తకం ముట్టుకోనండీ."

"మరి మార్కులు ఎవరి ఫోనుకు పంపమంటారు?"

ఆయన నావైపు చూడకుండా నా నంబరు చెప్పారు. ఈ మొత్తం వ్యవహారంలో ఆయన అంకెలు తప్పు లేకుండా చెప్పింది ఆ ఒక్కసారే.