వానలో ఆడిన ఫైనలు

“మానవజాతి సాధించిన ఘనకార్యాలు రెండే! ఒకటి నిప్పు. రెండోది ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలు!” అని నీటి సరఫరా శాఖ డైరెక్టరుగారు సెలవిచ్చారు. కుళాయిలో నీళ్లు రప్పించడం ఘనకార్యాల కిందికి రాదు కాబోలు, ఆ ఊసెత్తలేదు.

ఈసారి పోటీల సందర్భంగా ఆఫీసులో పెట్టిన సభలో వాటి చరిత్ర మీద ప్రసంగించే భాగ్యం హెడ్ గుమాస్తా నెత్తిన పడింది. తప్పు ఆయనదే. పోయినసారి పోటీలప్పుడు క్యాంటీన్లో అందరూ గోల్ గోల్ అని గోల చేస్తుంటే ఊరుకోలేక, “ఇదీ ఒక ఆటేనా! ఆ రోజులే వేరు” అని నిట్టూర్చాడు. అంతే! ఆ ఒక్క నిట్టూర్పుతో ఫుట్‌బాల్ పండితుడైపోయాడు.

“మీరు బంతిని దగ్గరగా చూసింది మన కిటికీ అద్దం పగిలిన రోజే కదండీ! వెళ్లి నిజం చెప్పేయండి” అంది భార్య.

“చెబితే ఇంకేమైనా ఉందా! సూపరింటెండెంటు కుర్చీ ఖాళీగా ఉంది. డైరెక్టరుగారి చూపు నా మీదే ఉంది.”

“అయితే కూర్చుని చదువుకోండి.”

చదివాడు పాపం. ఒక ఏడాది విజేత బుర్రకెక్కేసరికి అంతకుముందు విజేత జారిపోయేవాడు.

సభ రోజున హాలు కిటకిటలాడింది. ముఖ్య అతిథి ఒకప్పటి అంతర్జాతీయ ఆటగాడట! నీలం కోటు వేసుకుని ముందు వరసలో దర్జాగా కూర్చున్నాడు. ఆయన్ని చూడగానే గుమాస్తా తన కాగితాలు మరోసారి తిరగేశాడు. మైకు ముందుకొచ్చేసరికి చదివిందంతా హుష్‌కాకి! కానీ నోరు ఆగితేనా?

“ఆ ఫైనలు ఎవరు మరిచిపోగలరండీ! కుండపోత వాన! బంతి బురదలో కూరుకుపోయింది. ఇరవై ఇద్దరూ మోకాళ్ల మీద కూర్చుని వెతుకుతున్నారు. రిఫరీ ఈల ఊదితే బుడగలొచ్చాయి!”

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇది ఏ జిగురుకీ అతికేది కాదని ఆయనకే తెలుస్తోంది.

డైరెక్టరుగారు కళ్లు తుడుచుకున్నారు. “నేను చూశానయ్యా! ఆ పూట మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు!”

“మా నాన్నగారు స్టేడియంలోనే ఉన్నారు సార్! ఆ జలుబు ఇప్పటికీ తగ్గలేదు!” అని అకౌంటెంటు లేచాడు.

అంతలో ముఖ్య అతిథి మెల్లగా లేచి మైకు అందుకున్నాడు. కుర్చీ పోతే పోయింది, పరువు కూడా గంగలో కలిసినట్టే అనుకున్నాడు గుమాస్తా.

“వీరు ఒక్క విషయం పొరపాటుగా చెప్పారు” అన్నాడు అతిథి గంభీరంగా. “బంతి బురదలో కూరుకుపోలేదు. నేనే దాని మీద కూర్చున్నాను. ఆనాటి గోల్‌కీపర్ని నేనే!”

చప్పట్లతో హాలు దద్దరిల్లింది! డైరెక్టరుగారు గుమాస్తాని కౌగలించుకుని, “సూపరింటెండెంటుగారూ!” అని అక్కడికక్కడే పిలిచేశారు.

సభ ముగిశాక అతిథి మెట్ల దగ్గర గుమాస్తా చెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు. అటూ ఇటూ చూసి, చెవిలో గుసగుసగా అడిగాడు:

“ఏమీ అనుకోకండి. వచ్చే వారం ఇంకోచోట నాకు సన్మానం ఉంది. ఆ మ్యాచ్‌లో చివరికి ఎవరు గెలిచారండీ?”

గుమాస్తా ఆయన్ని ఎగాదిగా చూశాడు. గుండెల మీంచి పెద్ద బరువు దిగింది. వినయంగా చేతులు జోడించి, “తమరేనండీ!” అన్నాడు.