పైనున్న గీత

పదింటికి కొత్త కారు తాళాలు ఎవరి చేతికి వస్తాయో తేలిపోతుంది కాబట్టి, పెద్దల్లుడు ఆ ఉదయం తన చొక్కా తానే ఇస్త్రీ చేసుకున్నాడు. మామగారి డ్రైవింగ్ స్కూల్లో అల్లుళ్లిద్దరూ నేర్పేవాళ్లే. ఈసారి పరీక్షలో ఎవరి శిష్యులు మెరుగైతే వాళ్లకే కారు. లెక్కల టీచరైన మూడో కూతురు ఆ మార్కులన్నిటికీ గ్రాఫు గీసి, ఒక్కో గీత పక్కన ఒక్కో బావ పేరున్న చీటీ అంటించి, ఆఫీసు బల్ల మీద ఆరబెట్టింది.

పెద్దల్లుడు తొంగి చూశాడు. ఎర్రగీత పైన, నీలిగీత కింద. పైదాని పక్కన తోడల్లుడి పేరు. ఆయనకి ఒళ్లు మండిపోయింది. నిన్నగాక మొన్న ఈ ఇంటికి అల్లుడైనవాడు, క్లచ్చుకీ బ్రేకుకీ తేడా చెప్పడానికి గంట తీసుకునేవాడు, తన నెత్తిన కూర్చోవడమా? జిగురు ఇంకా తడిగానే ఉంది. చీటీలు గోటితో లేపి ఇటుది అటు, అటుది ఇటు అంటించేశాడు.

అక్కడితో నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. భార్యకి ఫోన్ చేసి తనే పైనున్నానని చెప్పాడు. ఆవిడ చెల్లెలి చెవిన వేసింది. చెల్లెలు మొగుణ్ణి దులిపేసింది. ఆ చిన్నల్లుడు నేరుగా వచ్చి, "సంతోషం అన్నయ్యా, కారు మీదేనట కదా" అన్నాడు. ఆ మంచితనం చూసేసరికి పెద్దల్లుడికి కడుపుమంట రెట్టింపైంది.

"ఊరికే గెలిస్తే ఏం సరదా? ఓడినవాడు ఆ కారు రోజూ కడగాలి. మామగారూ, మీరే సాక్షి."

"మీ ఇష్టం అల్లుడుగారూ" అన్నాడాయన.

పది కాగానే, అందరి ముందూ లెక్కల టీచరు మరదలు స్కేలు తీసింది. "ఒక్కొక్కరికీ నలభైమంది. అందులో సగం, అంటే ఇరవై దగ్గర్నుంచి అడ్డంగా వెళ్లి, గీత తగిలినచోట కిందికి దిగితే నడిమివాడి మార్కొస్తుంది." పెన్సిలు ముందు ఎర్రగీతకి తగిలి దిగింది. "పెద్దబావకి నలభై ఎనిమిది." ఇంకాస్త దూరం పోయి నీలిగీతకి తగిలింది. "చిన్నబావకి అరవై మూడు."

"అదెలా? పైనున్నది నేను కదమ్మా."

"ఏ మార్కు లోపల ఎంతమంది ఉన్నారో చెప్పే గీత ఇది బావా. తక్కువ మార్కులవాళ్లు ఎక్కువైతేనే అంత తొందరగా పైకెక్కుతుంది." ఆమె చీటీల వైపు అనుమానంగా చూసింది. "అయినా గీసినప్పుడు నీలిగీత మీ పేరుదే అనుకున్నానే. వీటిని ఎవరైనా మార్చారా?"

అందరూ పెద్దల్లుడి వైపు చూశారు. ఒక్క మాట చెబితే కారు తనది. అదే మాటతో అత్తింట్లో తలెత్తుకోవడం ఇక ఉండదు. జిగురు అంటిన చెయ్యి మెల్లగా జేబులో పెట్టుకున్నాడు.

"ఎవరు మారుస్తారమ్మా" అన్నాడు నీరసంగా.

మర్నాడు చిన్నల్లుడు మొహమాటంతో మెలికలు తిరిగిపోతూ, "కారు పైకప్పు వదిలెయ్యండి అన్నయ్యా, అందదు" అన్నాడు. పెద్దల్లుడు వినలేదు. స్టూలు తెచ్చుకుని, బకెట్టుతో సహా ఎక్కాడు. ఆ పూట ఆ ఇంట్లో అందరికంటే పైనున్నది ఆయనే.