తెల్లజెండా సాళ్లు

ఆ సోమవారం పొద్దున జయకృష్ణ వేసుకున్న పథకంలో ఎక్కడా లోపం లేదు. తొమ్మిదింటికల్లా లాల్‌గడి మలక్‌పేట్‌లో కుర్మయ్య పొలానికి చేరాలి. పదకొండింటికి వచ్చే పెద్దసారు చక్రపాణిగారికి బతికిన మొక్కల్నీ చచ్చిన మొక్కల్నీ చూపించాలి. సాయంత్రానికి ఉద్యోగం పర్మినెంటు చేయించుకోవాలి. తుర్కపల్లి ల్యాబులో అతని ఆరునెలల ప్రొబేషన్‌ను ఇప్పటికి రెండుసార్లు పొడిగించారు. మూడోసారి పొడిగించరనీ, నేరుగా ఇంటికి పంపిస్తారనీ క్యాబు డ్రైవరుతో సహా అందరికీ తెలుసు.

"నేనూ వస్తాన్రా. మీ సారు నా పులిహోర తిన్నాక కాదంటాడా?" అంటూ తల్లి సీతామహాలక్ష్మి పెద్ద గిన్నెతో క్యాబెక్కి కూర్చుంది. తణుకు నుంచి వచ్చిన మనిషి. పదిమందికి సరిపడా వండకపోతే ఆవిడకి వండినట్టే ఉండదు.

బంగాళాదుంపకు బాక్టీరియా వల్ల ఎండు తెగులు వస్తుంది. పొద్దున నవనవలాడిన మొక్క మధ్యాహ్నానికి తల వాల్చేస్తుంది, వారం తిరిగేసరికి ఎండిపోతుంది. దానికి ల్యాబువాళ్లు ఒక మందు తయారుచేశారు. కుర్మయ్య చేనులో పది సాళ్లు తీసుకుని ఐదింటికి ఎర్రజెండాలు, ఐదింటికి తెల్లజెండాలు పాతారు. వారం వారం జయకృష్ణ క్యాబులో రెండు డబ్బాలు పంపేవాడు. ఎర్ర డబ్బాలో మందు, అది ఎర్రజెండా మొక్కల మొదళ్లలో పోయాలి. తెల్ల డబ్బాలో ఉత్త నీళ్లు, తెల్లజెండాలకు అవే. ఇవి చస్తేనే కదా, అవి మందు వల్ల బతికాయని తేలేది! ఫోను చేసినప్పుడల్లా కుర్మయ్య "అంత మంచిగనే ఉంది సారు" అనేవాడు.

జెండాలు పాతిన రోజు నుంచీ దారిన పోయేవాళ్లు "ఏం కుర్మయ్యా, ప్లాట్ల వెంచర్ ఏస్తుండ్రా?" అని అడగడం మొదలుపెట్టారు. గట్టు అవతలి యాదయ్య అదే రోజు అదే విత్తనం వేశాడు గానీ, మందు ఇస్తామంటే ససేమిరా అన్నాడు. "ఇయ్యాల మందంటరు, రేపు భూమంటరు. నాకొద్దు" అనేశాడు.

జయకృష్ణ చేనులో దిగి తెల్లజెండాల దగ్గర నిలబడ్డాడు. ఎర్రజెండాల దగ్గరికి వెళ్లాడు. మళ్లీ వెనక్కి వచ్చాడు. పది సాళ్లూ పచ్చగా, ఏపుగా, ఒక్కలాగే ఉన్నాయి.

"కుర్మయ్యగారూ, ఇవి చావలేదేంటండీ?"

కుర్మయ్య బిత్తరపోయాడు. "సావాల్నా సారు?"

"వీటికి ఏం పోశారు?"

దొంగతనం అంటగడుతున్నారేమో అనుకున్నాడు కుర్మయ్య. "మీరు పంపిందే పోసినం సారు. ఒక్క సుక్క గూడ ఇంటికి తీస్కపోలే, ఒట్టు!"

అంటే మందూ నీళ్లూ ఒకటే అన్నమాట. జయకృష్ణ వాచీ చూసుకున్నాడు, సారు వచ్చే వేళవుతోంది. తలెత్తేసరికి గట్టు అవతల యాదయ్య చేను కనిపించింది. నిలువునా ఎండిపోయి, చూడ ముచ్చటగా ఉంది. మధ్యలో నాలుగడుగుల గట్టు. పరీక్షల్లో పక్కవాడి పేపరైనా చూడని జయకృష్ణ ఐదు తెల్లజెండాలూ పీకి చంకలో పెట్టుకున్నాడు.

"ఏవిట్రా, అవి అటు పట్టుకెళ్తున్నావు?" అంది తల్లి.

"అమ్మా, నువ్వు కాసేపు మాట్లాడకు."

ఐదో జెండా గట్టు అవతల పాతుతుండగా యాదయ్య మోటారు వేయడానికి వచ్చాడు. జెండాలు చూశాడు, ఫోను తీశాడు. పావుగంటలో ఆరు బైకులు, ఒక ట్రాక్టరు వచ్చి ఆగాయి.

"నా పట్టా భూమిల జెండాలు పాతుతరా? సర్వేకొచ్చిండ్రురో!"

రోడ్డు పడుతోందన్నాడొకడు. కాదు, ఎయిర్‌పోర్టంట, గాలిమోటర్లు దిగే జాగంట అన్నాడు ఇంకొకడు.

"ఇవి ఆలుగడ్డల కోసమండీ!" అని జయకృష్ణ మొత్తుకున్నాడు.

"ఆలుగడ్డలకు జెండాలెందుకయ్యా? అవేమన్న పార్టీ పెట్టినయా?"

పొద్దున్నే గొడవకు వచ్చినవాళ్లెవరూ టిఫిను తిని ఉండరని సీతామహాలక్ష్మికి తోచింది. "కొట్లాట తరవాత నాయనా, ముందు తినండి" అంటూ కాగితం ప్లేట్లలో పులిహోర పంచింది. దాంతో యాదయ్య గొంతు ఇంకా పెరిగింది. "సూడుండ్రి! భూమి కాగితాలు గాకముందే దావత్ ఇస్తుండ్రు!" అన్నాడు, ప్లేటు మాత్రం వదలకుండా.

సరిగ్గా అప్పుడే చక్రపాణిగారి కారు ఆగింది. ఆయన జనాన్ని పట్టించుకోలేదు. ఎర్రజెండాలు చూశారు, తెల్లజెండాలు చూశారు. "ఇంత తేడానా! శభాష్ జయకృష్ణా" అని చెయ్యి చాపారు.

ఆ చెయ్యి పట్టుకుంటే ఉద్యోగం చేతికొచ్చినట్టే. కానీ జయకృష్ణ చూపు కుర్మయ్య మీద పడింది. పనిచేయని మందును పనిచేసిందని చెబితే, రేపు దాన్ని నమ్మి చేనుకు పోసుకునేది ఈ మనిషే. జయకృష్ణకు సిగ్గేసింది.

"సార్, ఆ చేను వేరే ఆయనది. జెండాలు నేనే మార్చాను. మన మందు పనిచేయలేదు."

కుర్మయ్య భార్య బాలనర్సమ్మ చీర చెంగు నడుముకు దోపుకుంటూ ముందుకు వచ్చింది.

"గీ పిలగాన్ని ఏమనకుండ్రి సారు. తప్పు నాది. రెండు డబ్బలూ ఒక్క డ్రమ్ముల గలిపి అన్ని సాళ్లకు సమానంగ పోసిన."

"ఎందుకమ్మా?"

"ఎందుకంటరేంది సారు? అన్నీ ఒక్కనాడు పెట్టిన చెట్లు. సగం వాటికి మందు, సగం వాటికి ఉత్త నీళ్లా? గా తెల్లజెండావి నా మొకమే సూస్తుంటె నాకు బువ్వ దిగలే."

"నాకెందుకు జెప్పలేదే?" అన్నాడు కుర్మయ్య.

"జెప్తె నువ్వు సారుకు జెప్తవు."

చక్రపాణిగారు రెండు గ్లాసుల్లో నీళ్లు తెప్పించారు. యాదయ్య మొక్క కాడ కోసి ఒకదాంట్లో ముంచితే, తెల్లటి పాలలాంటి తీగ కిందికి సాగింది. అదే తెగులు. కుర్మయ్య మొక్క కాడ ముంచితే నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. ఆయన రెండు గ్లాసులూ ఎండకేసి ఎత్తి చూశారు.

"అంటే... సగం మందే సరిపోయింది!"

జయకృష్ణకు ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి.

"ఒక్క చేను చూసి నేను నమ్మను. వచ్చే పంటకు మళ్లీ చెయ్యాలి. నువ్వే చెయ్యి" అన్నారు చక్రపాణిగారు. "ప్రొబేషన్‌లో ఉన్నవాడికి అంత పని అప్పగించడానికి రూల్సు ఒప్పుకోవు. రేపొచ్చి పర్మినెంటు కాగితం తీసుకో. జెండాలు పీకినందుకు మెమో కూడా తీసుకో." తర్వాత సీతామహాలక్ష్మి వైపు తిరిగి, "పులిహోర ఏమైనా ఉందా అమ్మా?" అని అడిగారు.

చివరి ప్లేటు యాదయ్య చేతిలో ఉంది. అతను గొంతు తగ్గించి, "సారు, గా మందు ఇంకేమన్న మిగిలిందా?" అన్నాడు.

తర్వాతి పంటకు ల్యాబువాళ్లు ఏ పొరపాటుకూ తావివ్వలేదు. మందు పోయకూడని సాళ్ల చుట్టూ జాలీ కంచె కట్టి, గేటు పెట్టి, తాళం వేశారు. రోజూ చేను దగ్గర ఉండే మనిషి ఒక్కతే కాబట్టి, తాళంచెవి బాలనర్సమ్మకు ఇచ్చారు.